అమ్మానాన్నల ఇల్లు వేలానికి వస్తే



బ్యాంకువాళ్లు తలుపుకు నోటీసు అంటించి వెళ్తారు. వీధంతా చూస్తుంది. నాన్న బయటికి రావడం మానేస్తాడు. అమ్మకు అన్నం సయించదు. మన పేటల్లో ఇది కొత్త కాదు. ఆ ఇంటి బిడ్డలుగా మీరేం చేయాలి?

ముందు "మా ఖర్మ" అనే మాట మానెయ్యండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనల్ని ఆ మాట నుంచే బయటికి తెచ్చారు. ప్రతిదానికీ కారణం ఉంటుంది, కారణం తొలగితే ఫలితం ఆగుతుంది అన్నదే పటిచ్చ సముప్పాదం. అప్పుకూ కారణాలున్నాయి: ఆసుపత్రి బిల్లు, మన చదువుల ఫీజు, చెల్లి పెళ్లి, నూటికి మూడు రూపాయల వడ్డీ. పోయిన జన్మలో ఎవరూ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు.

రెండోది సిగ్గు. అంగుత్తర నికాయంలోని ఇణ సుత్తంలో బుద్ధుడు పేదవాడి అప్పు గురించే మాట్లాడాడు. అప్పు చేయడం, వడ్డీ మోయడం, అడిగించుకోవడం, వెంటపడటం, చివరికి బందీ కావడం, ఒక్కొక్కటీ దుఃఖమే అన్నాడు. అనాథపిండికుడికి చెప్పిన గృహస్థు సుఖాలు నాలుగింటిలో అప్పు లేకపోవడం ఒకటి. అప్పు దుఃఖమే కానీ దాచుకోవాల్సిన నేరం కాదు.

సిగాలోవాద సుత్తంలో బిడ్డల మొదటి కర్తవ్యం, తమను పెంచినవాళ్లను తాము పోషించడం. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా ఇది ఒకటే. "మమ్మల్ని అడక్కుండా ఎందుకు సంతకం పెట్టావ్?" అని నాన్న మీద అరవడం సమ్మా వాచా కాదు. ముందు పక్కన కూర్చోండి. రాత్రిపూట ఆయన్ని ఒంటరిగా వదలకండి.

తర్వాత కాగితాలన్నీ ఒకచోట పెట్టండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందు 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ గడువులో మీరు అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇల్లు స్వాధీనం చేసుకునే చర్య తీసుకుంటే 45 రోజుల్లోగా అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అవి హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్నాయి. వేలం ప్రకటన వెలువడ్డాక దారులు ఇరుకవుతాయి. అందుకే మొదటి నోటీసు రోజే కదలాలి. బ్యాంకు తగ్గింపుతో ఒకేసారి కట్టించుకుంటానంటే ఆ మాట రాతలో తీసుకోండి.

ప్రైవేటు వడ్డీ వ్యాపారికైతే కోర్టుకు వెళ్లకుండా ఇంటికి తాళం వేసే హక్కు లేదు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. బౌద్ధం తీసుకుంటే ఎస్సీ హోదా పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి, 1990 నుంచి అది మనకు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఒక అప్పు తీర్చడానికి ఐదు రూపాయల వడ్డీకి ఇంకో అప్పు తేవడం మంట మీద కిరోసిన్ పోయడమే. మీ పిల్లల నోటి దగ్గర ముద్ద లాగి కట్టడమూ మధ్యమ మార్గం కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి కూర్చొని నెలకు ఎవరు ఎంత ఇవ్వగలరో నిజం చెప్పి రాసుకోండి. ఆదివారం వందన తర్వాత విహారంలో విషయం చెప్పండి. వకీలో, బ్యాంకు ఉద్యోగో మనవాళ్లలో ఒకరుంటారు. కాగితం చదివిపెట్టడమూ దానమే.

ఒక్కోసారి ఎంత చేసినా ఇల్లు నిలవదు. అలాంటప్పుడు బ్యాంకు ఒప్పుకుంటే వేలం దాకా ఆగకుండా మనమే మంచి ధరకు అమ్మడం మేలు. వేలమే జరిగితే బాకీ, ఖర్చులు పోగా మిగిలింది మీదే, అడిగి తీసుకోండి. ఇల్లు అనిచ్చమన్నది నిజమే. కానీ ఆ మాట అమ్మానాన్నలకు చెప్పే ముందు మన ఇంట్లో వాళ్లకో గది చూపించాలి.

తల్లిని ఒక భుజాన, తండ్రిని ఇంకో భుజాన వందేళ్లు మోసినా ఋణం తీరదన్నాడు బుద్ధుడు. బ్యాంకు లెక్క వేరు, ఈ లెక్క వేరు. అమ్మానాన్నలు అప్పు సంగతి తమంతట తాము చెప్పరు. ఈ వారమే ఫోన్ చేసి మీరే అడగండి.

నమో బుద్ధాయ! జై భీమ్!