కణుపు మీద కన్ను

నర్సరీలో పూలు చూసి ముచ్చటపడి కొన్న ఆర్కిడ్, ఆ పూలు రాలగానే చాలా ఇళ్లలో గోడ వారకు చేరుతుంది. పారేసేముందు ఒక్కసారి దగ్గరగా చూడండి.

డెండ్రోబియం అయితే ఆకులు రాలిన పాత కాడలు చచ్చినట్టే కనిపిస్తాయి. కత్తెర తీయకండి. నొక్కితే గట్టిగా తగిలే కాడలో నీరూ ఆహారమూ ఇంకా ఉన్నట్టే. చెరకు గడకు ఉన్నట్టే దానికీ కళ్లుంటాయి. కాడ మొదట్లో చిన్న ఉబ్బు కనిపిస్తే, కొత్త పిలక అక్కడినుంచే. ఆ కన్ను కుళ్లినా, నత్త కొరికినా, పక్కన నిద్రపోతున్న రెండోది లేవొచ్చు. ఈ కళ్లు కుళ్లకుండా ఉండాలంటే కుండీ మార్చేటప్పుడు ఆ మొదలును బెరడు ముక్కల్లో లోతుగా పూడ్చకూడదు.

ఫెలనాప్సిస్‌తో తికమక వేరే. పచ్చని మొన ఒకటి తొంగిచూస్తుంది. వేరా, పూలకాడా? వేరు కొస గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. సాగేకొద్దీ వెనక భాగం వెండిరంగుకు తిరుగుతుంది. పూలకాడ ఆకు, కాండం కలిసేచోట పుడుతుంది. కొస కాస్త చదునుగా, ఒక పక్క నొక్కుతో ఉంటుంది. తేలకపోతే వారం పది రోజులు ఆగండి, అదే చెబుతుంది.

ఫెలనాప్సిస్‌లో పూలు రాలినా పచ్చగా ఉన్న పూలకాడ మీద, కణుపు కణుపుకీ ముక్కోణపు పొర, దాని చాటున మొగ్గ. కింది నుంచి రెండుమూడు కణుపులు వదిలి పైన కోస్తే పక్కకొమ్మ వేసి మళ్లీ పూయవచ్చు. ఒక్కోసారి ఏకంగా పిల్లమొక్కే వస్తుంది! మొక్క బక్కచిక్కి ఉంటే మాత్రం ఆశపడకండి. కాడను మొదలంటా తీసేసి, ముందు ఆకుల్ని పెరగనివ్వండి.