పాదరక్షయు ధర్మమే

వట్టి కాళ్లతో నడచుట ఆరోగ్యకరమని నేడు పలువురు చెప్పుచున్నారు. మా ఇబ్రహీంపట్నమున, 2015లో పట్టిసీమ నుండి తరలివచ్చిన గోదావరి జలము కృష్ణమ్మను చేరిన పవిత్ర సంగమము చెంత, ప్రభాతవేళ చెప్పులు విడిచి నడచువారు కనబడుచుందురు. ఇది వ్రతమా, వ్యాయామమా? పాదరక్ష ధరించిన భక్తునకు పుణ్యము తరుగునా?

పాదరక్షలు విడుచుట మనకు క్రొత్త కాదు. నిద్ర లేచి నేలపై పాదము మోపుటకు ముందు భూమాతను క్షమాపణ వేడుట మన ఆచారము. భవానీ దీక్ష వహించినవారు చెప్పులు లేకయే ఇంద్రకీలాద్రి చేరుదురు. అయినను చరకసంహిత సూత్రస్థానమున పాదరక్షాధారణము నేత్రములకును, పాదచర్మమునకును హితమనియు, బలకరమనియు చెప్పబడినది. భారతమున అనుశాసన పర్వములో జమదగ్ని కథ కలదు. ఆ ముని విడిచిన బాణములను ఏరి తెచ్చుచున్న రేణుకాదేవికి జ్యేష్ఠమాసపుటెండలో శిరస్సును, పాదములును కాలినవి. ఆమె చెట్టునీడన క్షణకాలము నిలిచి ఆలస్యముగా వచ్చెను. కారణము విని ముని సూర్యునిపై విల్లెక్కుపెట్టగా, సూర్యుడు శరణుజొచ్చి గొడుగును, పాదరక్షలును ఒసగెను. వాటి దానము మహాపుణ్యమని భీష్ముడు ధర్మరాజునకు తెలిపెను.

ఇట నా తప్పు ఒకటి విన్నవింతును. మధుమేహము కలవాడనయ్యు, వైద్యుని హెచ్చరిక త్రోసిపుచ్చి, గత వైశాఖమున మిట్టమధ్యాహ్నము రేవు మెట్లపై వట్టి కాళ్లతో నడచితిని. మంట తెలియలేదు. అది నా నిష్ఠాబలమనుకొంటిని. చెప్పులతో వచ్చినవారిని చిన్నచూపు చూచితిని. ఇంటికి చేరి కాళ్లు కడుగుకొనుచుండగా, నా భార్య అరికాలి బొబ్బను చూచి, "ఇంత కాలినా తెలియలేదుటండీ?" అని కంట తడి పెట్టినది. నిజమే, తెలియలేదు. అది నిష్ఠ కాదు. వ్యాధి వలన స్పర్శజ్ఞానము నశించుట. ఆ పుండు మానుటకు రెండు మాసములు పట్టినది.

చెప్పులు విడుచుట అహంకారము విడుచుటకు గుర్తు. విడిచితినన్న గర్వమే మిగిలినచో విడిచినదేమి? ఆరోగ్యవంతులు చల్లనివేళ మెత్తని నేలపై నడచుట మంచిదే. మధుమేహులు మాత్రము ఆలయపు వాకిలి వరకు పాదరక్షలతోనే నడచి, చల్లనివేళ దర్శనము చేసికొని, ప్రతిదినము అరికాళ్లను పరీక్షించుకొనవలెను. శరీరము ధర్మసాధనము, దానిని నిర్లక్ష్యము చేయుట భక్తి కాజాలదు.

మరియొక మాట. చెప్పులు కొనలేక మండుటెండలో నడచు కూలివానికి అది వ్రతము కాదు, బాధ. అట్టివానికి ఒక జత కొనియిచ్చినచో, నాడు సూర్యుడు జమదగ్నికిచ్చినదే నేడు మనము ఇచ్చినవారమగుదుము. మన పాదములకు వినయమును, పరుల పాదములపై దయను కనకదుర్గమ్మ ప్రసాదించుగాక!