విరిగిన ఊతకఱ్ఱ

దాసోహమనగా పంక్తి వేసి అన్నము పెట్టుటయే యని మనలో పెక్కుమంది తలంపు. నేనును చిరకాలము అట్లే తలచితిని.

2006 ఫిబ్రవరిలో ఇటలీ దేశమున శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగినవి. పాదములకు పొడవైన పలకలు బిగించుకొని, రెండు చేతుల ఊతకఱ్ఱలతో మంచుపై సాగు పందెమది. కెనడా వనిత సారా రెన్నర్ చేతికఱ్ఱ ఒకటి పందెము నడుమ విరిగిపోయెను. ఒంటికఱ్ఱతో మిట్ట నెక్కుట యెట్లు? ప్రత్యర్థులు దాటిపోయిరి.

అంతలో దారిప్రక్కన నిలిచిన నార్వే శిక్షకుడు తన కఱ్ఱను ఆమె చేతికందించెను. అది ఆమె కొలతకు మించిన పొడవు. ఐనను దానితోనే సాగెను. ఆలోచించి ఇచ్చుటకు వ్యవధి యెక్కడిది?

కెనడా జట్టుకు రజతము దక్కెను. నార్వే జట్టు నాల్గవదై పతకము పోగొట్టుకొనెను. కెనడా ప్రజలు ఆ శిక్షకునికి టన్నులకొలది మేపుల్ చెట్టు పాకము కానుకగా పంపిరి.