ఎవరి అమ్మమ్మ?

పెళ్ళి సంబంధం వస్తే చాలు, ఇంటిపేరూ గోత్రం మొదలుకొని ముత్తాతగారి ఊరిదాకా ఆరా తీస్తాం మనం. అమెరికాలో స్థిరపడిన ఐరిష్ వాళ్ళకీ ఈ సరదా ఉంది. సరదా అంటున్నాను గాని, నిజానికి అదొక తీరని వెలితి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు సోకింది. ఆ తర్వాతి ఏడేళ్ళలో సుమారు పదిలక్షలమంది ఆకలికీ రోగాలకీ బలైపోయారు. ఇంకో పదిలక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. వాళ్ళ మునిమనుమలు ఇవాళ పెద్దల జాడ వెతుకుదామంటే కాగితాలేవీ? 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లో పాత రికార్డులు దాచిన భవనం తగలబడింది. జనాభా లెక్కల్లో కొన్ని అలా బూడిదయ్యాయి. కొన్నిటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవాటిలో 1901 లెక్కలే మొదటివి. మగవాళ్ళ జాడే ఇంత కష్టమైతే, పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది!

కాగితాలు లేనిచోట కథలు మొలుస్తాయి. అనీ మూర్ విషయంలో అదే జరిగింది.

1892 జనవరి 1న న్యూయార్కు రేవులో ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం తెరిచారు. అందులో మొట్టమొదట పేరు రాయించుకున్నది కార్క్ నుంచి వచ్చిన ఈ పదిహేడేళ్ళ పిల్లే. ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని, ముందే వచ్చేసిన అమ్మానాన్నల దగ్గరకి వచ్చింది. అధికారులు పది డాలర్ల బంగారు నాణెం చేతిలో పెట్టారు. పత్రికలు రాశాయి. ఆ తర్వాత అందరూ మరిచిపోయారు.

ఎన్నో ఏళ్ళు గడిచాక, టెక్సాస్‌లో ఒక కుటుంబంవాళ్ళు ఆ అనీ తమ ఇంటి ఆడపడుచేనన్నారు. ఆవిడ పడమటికి వెళ్ళి కాపురం పెట్టిందట, 1923లో ట్రాము గుద్ది చనిపోయిందట. కథ బాగుంది, లోకం నమ్మింది. ఉత్సవాలకి వాళ్ళని పిలిచి పెద్దపీట వేశారు.

మెగన్ స్మోలెన్యాక్ అనే పరిశోధకురాలికి అనుమానం వచ్చి కూపీ లాగింది. వెయ్యి డాలర్ల బహుమానం కూడా ప్రకటించింది. 2006లో తేలిందేమిటయ్యా అంటే, టెక్సాస్ అనీ అసలు ఐర్లండులో పుట్టనే లేదు. అమెరికాలోనే, ఇల్లినాయి రాష్ట్రంలో పుట్టింది! ఓడ దిగిన అనీ న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో, పేదవాళ్ళ వాడలోనే బతుకు వెళ్ళదీసింది. ఒక బేకరీ గుమాస్తాని చేసుకుంది. పదకొండుమందిని కంటే అయిదుగురే పెద్దవాళ్ళయ్యారు. 1924లో పోయింది. సమాధి మీద పేరైనా లేదు.

మా అత్తగారికి ఇదంతా చెబితే ఆవిడకి కోపం వచ్చింది. "వాళ్ళేదో తమ పెద్దావిణ్ణి తలుచుకుని మురిసిపోతున్నారు. ఎవరి సొమ్ము పోయిందని? ఆ పరిశోధన చేసినావిడకి వేరే పని లేదా?"

నేనూ ముందు అలాగే అనుకున్నాను. (అత్తగారితో నేను ఏకీభవించడం మా ఇంట్లో పండగే.) వాళ్ళు మోసం చేద్దామని చెప్పలేదు పాపం. విన్నదే చెప్పారు. ప్రేమకి కాగితం సాక్ష్యం కావాలా?

కాని రాత్రి పడుకున్నాక ఆ సమాధి గుర్తొచ్చింది. ఆరుగురు పసివాళ్ళని పోగొట్టుకున్న తల్లి ఊరూపేరూ లేకుండా పడుందే! ఆవిడ మనుమలకి తమ ఇంట్లో అలాంటి మనిషి ఉండేదని కూడా లోకం చెప్పలేదు. సరే, ఆవిడకి అన్యాయం జరిగిందని ఎవరైనా ఒప్పుకుంటారు. నా మనసుని ఇంకా పట్టుకున్నది ఆ రెండో అనీ. ఆవిడా ఏ తల్లి కడుపునో పుట్టింది, సంసారం ఈదింది, పిల్లల్ని పెంచింది. ఆవిడ సొంత బతుకుని అటకెక్కించి, పరాయి పిల్ల చేతిలోని బంగారు నాణేన్ని ఆవిడ చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టింది ఎవరికి? తమ ఇంటి మనిషి మామూలు మనిషైతే తలుచుకోవడానికి పనికిరాదా?

2008లో న్యూయార్కులోని కాల్వరీ శ్మశానంలో అసలు అనీ సమాధికి శిలువతో రాయి నిలబెట్టారు, పేరు చెక్కించి.

పొద్దున్నే కాఫీ దగ్గర మళ్ళీ ఈ ప్రసక్తి తెచ్చాను. అత్తగారు గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఉలకలేదు, పలకలేదు.

"మా అమ్మమ్మ వాళ్ళది దివాన్ల వంశమని మీ మామగారితో ఎప్పుడూ పోట్లాడేదాన్ని. అది నాకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రావడంలేదే అమ్మాయ్!" అన్నారు.