పడవను వదలకు, తల్లీ

అమ్మలూ, ఆప్టిమిస్ట్ వదిలి ఇల్కా 4 ఎక్కుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నీకిచ్చిన తెరచాప చిన్నదే గానీ, పడవ మాత్రం ఒలింపిక్స్‌లో పెద్దవాళ్ళు నడిపేదే. 4.2 మీటర్ల పొడవు, ఒట్టి పడవే 59 కిలోలు. అది బోల్తా పడుతుంది తల్లీ. హుస్సేన్ సాగర్ మీద జులై గాలికి ఎంత నేర్పరి పడవైనా పడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను. నీళ్ళలో పడ్డ మరుక్షణం మెయిన్‌షీట్ తాడు నీ చేతిలో ఉండాలి. పక్కకి ఒరిగిన పడవను గాలి నెట్టుకుపోతే నీ ఈతకు అందదు. ఒడ్డు దగ్గరగా కనిపించినా సరే, పడవను వదిలి ఈదకు. నీటి మధ్య తల ఒక్కటే తేలుతుంటే ఎవరికీ ఆనదు. తెల్లటి పడవ దూరానికి కూడా కనిపిస్తుంది. రెస్క్యూ బోటు వెతుక్కుంటూ వచ్చేది దాని దగ్గరికే.

ఒకవేళ తెరచాప కిందికి వెళ్ళిపోతే గాభరా పడకు. అరచేత్తో గుడ్డను పైకి నెట్టు, ఊపిరికి చోటు దొరుకుతుంది. తర్వాత ఒక కుట్టు పట్టుకుని, దాని వెంటే చేతులు మార్చుకుంటూ ఒకే దిక్కుకు పో. అంచు వచ్చేస్తుంది. దిక్కులు మార్చేవాళ్ళే అక్కడక్కడే తిరుగుతారు.

ఇక లేపడం. ఆప్టిమిస్ట్‌కి నిండా నీళ్ళు పట్టేవి, నువ్వు డబ్బాతో తోడుకునేదానివి. దీనికా బాధ లేదు. నిలబడి కదిలిందంటే కాక్‌పిట్ నీళ్ళు బెయిలర్ గుండా వాటంతట అవే పోతాయి. నిలబెట్టడమే కష్టం. ముందు మెయిన్‌షీట్ బిగింపు వదులు చెయ్యి. బిగించి ఉంచితే లేచీ లేవగానే తెరచాప గాలి పట్టి మళ్ళీ పడేస్తుంది. తెరచాప గాలి వచ్చే వైపు ఉంటే తొందరపడకు. పడవ ముక్కు పట్టుకుని కాసేపు నీళ్ళలో వేలాడు. నీ బరువుకు పడవ మెల్లగా గాలికి ఎదురు తిరుగుతుంది. అప్పుడు డాగర్‌బోర్డు దగ్గరికి వెళ్ళి, పడవ అంచు పట్టుకుని దాని మీద నిలబడు. మొదట మొదలు దగ్గరే కాళ్ళు పెట్టు, కొసన ఒక్కసారిగా ఎగిరి ఎక్కితే బోర్డు విరగొచ్చు. కాళ్ళు చాపి ఒళ్ళంతా వెనక్కి వాల్చు. కాసేపటి వరకు ఏమీ జరగనట్టే ఉంటుంది. తెరచాప మీది నీళ్ళు జారిపోవాలి కదా. అది నీళ్ళను వదిలిందంటే పడవ ఒక్క ఊపున లేస్తుంది. అది లేచే ఊపులోనే లోపలికి దొర్లాలి, ఆలస్యం చేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. బూమ్ తలకు తగలకుండా చూసుకో.

పూర్తిగా తలకిందులైతే మాత్రం జాగ్రత్త. ఆ చెరువు అడుగంతా బురద. మాస్ట్ కొస అందులో దిగబడొచ్చు. నువ్వు గుంజితే వంగేది మాస్టే. బోర్లాపడ్డ పడవ మీదికెక్కి కూర్చుని, చెయ్యెత్తి పిలువు. సాయం అడగడం చిన్నతనం కాదమ్మా.

లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పాలా? పట్టీలు బిగించుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమను. చెవుల దాకా వస్తే అది నీ సైజు కాదు. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని మోసుకెళ్తున్న బార్జి ఈ నీళ్ళలోనే ఒరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. చుట్టూ రోడ్లు, ఊరి నడిమి చెరువు అని దాన్ని తేలిగ్గా తీసుకోకు.

నా మీద ప్రేముంటే ఒక్క పని చెయ్యి. రేసుల దాకా ఆగకుండా, ఈ ఆదివారమే, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు మీ కోచ్‌ని అడిగి, రెస్క్యూ బోటు పక్కన ఉంచుకుని, పడవను నువ్వే కావాలని పడెయ్యి. రెండు వైపులా పడేసి లేపు. చేతులకు అలవాటయ్యేదాకా లేపు. ఒడ్డుకొచ్చాక మంచినీళ్ళతో తలస్నానం చేసి, చెవులు తుడుచుకుని, నాకు ఫోన్ చెయ్యి.