తరంగం మారినా కేంద్రం అదేనా?

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు మొదలుపెట్టింది. పల్నాటిలోని నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల శ్రోతలకు అప్పట్లో దగ్గరి స్టేషన్ అదే. తర్వాత ఆలిండియా రేడియో ఆకాశవాణి అయింది. 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌కు తోడు వివిధ భారతి, దాని వెంట వాణిజ్య ప్రకటనలు, ఆ పైన ఎఫ్.ఎం. మీద రెయిన్‌బో కృష్ణవేణి, చివరికి సెల్‌ఫోన్‌లో యాప్ వచ్చాయి. యంత్రాలు, గొంతులు, కార్యక్రమాల వరస అన్నీ మారాయి. అయినా శ్రోత నోట మాత్రం అది ‘విజయవాడ స్టేషనే’. ఇన్ని మారాక ఏది మిగిలిందని ఆ మాట నిలబడుతుంది?

ఈ ప్రశ్న పల్నాటికి కొత్త కాదు. మాచర్లకు చేరువలోని నాగార్జునకొండ లోయలో, క్రీ.శ. 3–4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలంలో, పలు బౌద్ధ శాఖల విహారాలుండేవి. మారకుండా నిలిచే వస్తువంటూ ఏదీ లేదని, ఉన్నది కార్యకారణ సంతతి మాత్రమేనని బౌద్ధుల మాట. బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో నాగసేనుడు చెప్పిన దీపం ఇందుకు ఉదాహరణ: తొలిజాము జ్వాల, మలిజాము జ్వాల ఒకటీ కాదు, వేరూ కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు ఆ లోయ కట్టడాల్లో కొన్నిటిని కొండమీదికి, అనుపుకు తరలించి తిరిగి కట్టారు. అవి పాత కట్టడాలేనా అంటే నాగసేనుడి జవాబే చెప్పుకోవాలి. రేడియో దగ్గర మాత్రం ఈ జవాబు కొంచెం తడబడుతుంది. ఒకే కేంద్రం నుంచి మీడియం వేవ్, వివిధ భారతి, ఎఫ్.ఎం. పాయలుగా చీలాయి. మూడూ ఆ సంతతివే అయినప్పుడు అసలు కేంద్రం ఏ పాయ?

మీమాంసకులది ఎదుటి పక్షం. వారికి శబ్దం నిత్యం, ధ్వని దాన్ని వ్యక్తం చేసేది మాత్రమే. నిన్న విన్న ‘గ’కారమే ఇవాళా విన్నానని గుర్తుపట్టడమే వారికి ప్రమాణం. నైయాయికులు ఒప్పుకోరు: శబ్దం పుట్టి నశించేదే, గుర్తుపట్టినది పోలికనే. మీమాంస దారిన పోతే తరంగాలు, ట్రాన్స్‌మిటర్లు ఉత్త వ్యంజకాలు, వాటి మార్పు లెక్కలోకే రాదు. అయితే అప్పుడు కేంద్రానికంటూ సొంతంగా మిగిలేదీ ఏమీ ఉండదు.

ఈ వాదాలకు గట్టి పరీక్ష ఉషశ్రీ (పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928–1990) కార్యక్రమాలు. విజయవాడ నుంచి ఆయన రామాయణ, భారతాలు చెప్పారు, ‘ధర్మసందేహాలు’లో శ్రోతల ఉత్తరాలకు జవాబులిచ్చారు. ప్రవచనం టేపులో నిలిచింది. ఆయన పోయాక విన్నవారికీ అది ఆ గొంతే, ఆ విరుపే. మీమాంసకుడు సంతోషించే సంగతి ఇది. ధర్మసందేహాల దారి వేరు. ఇంట్లో మైల ఉండగా పండగ చేసుకోవచ్చా అని ఎవరో ఒక కార్డు రాశారనుకుందాం. అదే ప్రశ్నకు పాత టేపులో జవాబు ఉండవచ్చు. కానీ ఆ జవాబు అప్పుడు అడిగినవాళ్లది; ఈ ఇంటి మైల ఎలాంటిదో, ఆ పండగ ఏదో టేపుకు తెలియదు. శ్రవణం తర్వాత మననం అని వేదాంతులు ఊరికే అనలేదు. విన్నవాడికి సందేహం వస్తుంది, దాన్ని తీర్చేవాడు ఎదుట ఉండాలి. కథ చెప్పడం యంత్రానికి అప్పగించవచ్చు గానీ జవాబుదారీని అప్పగించలేం.

పల్నాటిలోని కారంపూడి వీరారాధన ఈ మాటను ఇంకో మెట్టు ముందుకు తీసుకుపోతుంది. పల్నాటి వీరకథ శ్రీనాథుడి పేర ద్విపదగా చలామణీ అయింది, 1911లో అక్కిరాజు ఉమాకాంతం సంపాదకత్వంలో అచ్చయింది, 1947లోనూ 1966లోనూ సినిమా అయింది. కథ అన్నిటిలోనూ అదే. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో సాగే అయిదు రోజుల ఆరాధన మాత్రం వేటిలోకీ రాలేదు. మందపోరు నాడు ఆ కథలోని బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుగా అన్ని కులాలవాళ్లూ కలిసి తింటారు. ఆ పంక్తిలో కూర్చోనివాడికి అది కథే, ఆరాధన కాదు.

కాబట్టి కేంద్రం అదేనా అన్న ప్రశ్న తరంగాన్ని బట్టి తేలదు, ఎవరికి జవాబు చెబుతోందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఉత్తరం పోయి ఫోన్ వచ్చినా, మాచర్ల నుంచి అడిగినవారికి విజయవాడ బదులిస్తున్నంతసేపు అది ఆ కేంద్రమే. ముంబై వివిధ భారతిని రిలే చేసే గంటల్లో ట్రాన్స్‌మిటర్ విజయవాడదే, సిబ్బందీ అక్కడివారే. మాట్లాడుతున్నది మాత్రం ముంబై.