నడుస్తున్నది గదా!

గేర్‌బాక్స్ విప్పగానే బేరింగ్ చేతికొచ్చేసింది. అలా రాకూడదు. అల్యూమినియం కేసింగ్‌లో బిగుసుకుని కూర్చోవాల్సిన స్టీలు బేరింగ్ అది. కేసింగ్‌ని బాగా వేడి చేస్తే తప్ప ఊడకూడదు. మా బాపు 1984లో కొన్న బుల్లెట్‌లో మాత్రం బొటనవేలితో తోస్తే బయటికొచ్చింది.

"బేరింగ్ కొత్తది వేస్తా సార్, రాణిగంజ్‌ల దొరుకుతది. గీ ఇల్లు ఏడికెల్లి తేవాలె?" అన్నాడు మెకానిక్ భాయ్. బేరింగ్ కూర్చునే గుండ్రటి చోటుని ఇంజనీరింగ్‌లో మాకు హౌసింగ్ అని నేర్పారు. అతను ఇల్లు అన్నాడు. అదే బాగుంది.

ఆ ఇంటి గోడ నిండా చిన్న చిన్న గుంటలు. ఎవరో డాట్ పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. పంచ్ దిగిన చోట గుంట పడి, దాని అంచు కాస్త పైకి లేస్తుంది. లేచిన అంచులన్నీ కలిసి బేరింగ్‌ని పట్టుకుంటాయి. కానీ బేరింగ్ ఆనేది ఆ అంచుల మీదే కాబట్టి కొన్నాళ్ళకి అవి నలిగిపోతాయి. మళ్ళీ లూజు.

నాకు కోపం వచ్చింది. అప్పటికే బండికి బేరం కుదిరింది. ఆఫీసులో నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, బుల్లెట్ అంటే ప్రాణం పెట్టేవాడు, అడిగిన ధరకి ఒప్పుకున్నాడు. గేర్లు మార్చేటప్పుడు ఏదో మూలుగు వినపడుతోందని, ఇచ్చేముందు ఒకసారి చూపిద్దామని తెచ్చానంతే. వెనక చక్రాన్ని తిప్పే చైన్ పళ్ళచక్రం ఉండేది ఈ బేరింగ్ పక్కనే. చైన్ ఎప్పుడూ ఒకే వైపుకి లాగుతుంది కాబట్టి రంధ్రం ఒకే వైపు అరిగి కోడిగుడ్డులా అవుతుంది. షాఫ్టు పక్కకి జరుగుతుంది, గేర్ పళ్ళు సరిగ్గా కలవవు. పన్ను విరిగి మధ్యలో ఇరుక్కుంటే నడుస్తున్న బండి వెనక చక్రం పట్టేయవచ్చు కూడా. ఇంత పని చేసి వదిలేసినవాడు ఎవడు?

రాత్రి బాపుకి ఫోన్ చేసి, ఎవడో మెకానిక్ మోసం చేశాడని చెప్పాను.

"మోసమేంది రా, నేనే కొట్టమన్న," అన్నాడు.

కరెంటాఫీసులో పని ఆయనకి. అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్ళం. వానాకాలం, గాలివానకి స్తంభాలు పడిపోయి నాలుగు ఊళ్ళకి కరెంటు లేదు. బండి ఆ వారంలోనే పాడైంది. సరిగ్గా చేయాలంటే కేసింగ్‌ని హైదరాబాద్ పంపాలి, పది రోజులు పడుతుందన్నారు. "ఆ రాత్రి నాకు బండి కావాలె. మంచిగున్న బండి కాదు, నడిచే బండి," అన్నాడు బాపు. నేను మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు: "తర్వాత చేయిద్దామనుకున్న. నడుస్తున్నది గదా అని ఊకున్న. మర్చిపోయిన."

కోపం అక్కడ ఆగింది, ప్రశ్న ఆగలేదు. ఆ పంచ్ దెబ్బలు తప్పా, కాదా?

ఇంజనీరింగ్ హాస్టల్లో చదివిన రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం గుర్తొచ్చింది. 1974 నాటి 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'. అందులో స్నేహితుడి బీఎండబ్ల్యూ హ్యాండిల్ జారిపోతుంటే, కథకుడు బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి ఇరికిద్దామంటాడు. స్నేహితుడు నొచ్చుకుంటాడు. ఖరీదైన జర్మన్ బండికి బీరు డబ్బా ముక్కా! అప్పట్లో నేను పూర్తిగా కథకుడి పక్షం. లోహం లోహమే, పని జరిగితే చాలు. ఇప్పుడూ ఆ రేకు ముక్కతో నాకు పేచీ లేదు, అది ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. కానీ 'పని జరిగితే చాలు' అన్న మాట ఎంతకాలం చెల్లుతుందో నేను అడగలేదు.

నా వృత్తిలో దీనికో పేరుంది. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్, మొదటిసారి రాసి పంపే కోడ్‌ని అప్పుతో పోల్చాడు. కొంచెం అప్పు చేస్తే పని ముందుకి నడుస్తుంది, వెంటనే తీర్చేస్తే మంచిదే, తీర్చకపోతేనే ప్రమాదం అన్నది ఆయన వాదన. మేము ఆ పోలికలో మొదటి సగాన్నే వాడుకుంటాం. 2016లో నేను ఒక కోడ్ ముక్క పైన 'తాత్కాలికం, తర్వాత మార్చాలి' అని రాశాను. నేను ఆ కంపెనీ వదిలేశాను, అది మాత్రం ఇంకా నడుస్తోందని విన్నాను. దాని మీద ఎవరు తల పట్టుకుంటున్నారో నాకు తెలీదు. బాపుని నిలదీసే అర్హత నాకెంతుందో ఆ రాత్రే అర్థమైంది.

కాబట్టి తాత్కాలికంగా అతకడం అబద్ధం కాదు, అదొక మాట ఇవ్వడం. నాలుగు ఊళ్ళు చీకట్లో ఉన్నప్పుడు ఆ మాట ఇవ్వడమే ధర్మం. చిక్కల్లా ఏమిటంటే, బాగా కుదిరిన అతుకు తనను తానే మరపిస్తుంది. పాడైతే గుర్తుండేది. నడవడం వల్లే మర్చిపోయాం. బండి చేతులు మారినప్పుడు ఆ అప్పు కూడా చేతులు మారుతుంది, కానీ ఆర్‌సీలో దాని గురించి ఎవరూ రాయరు.

భాయ్ నా ముందు రెండు దారులు పెట్టాడు. మొదటిది లాక్‌టైట్. బేరింగ్ చుట్టూ ఆ ద్రవం పూసి కూర్చోబెడితే గట్టిపడిపోతుంది. గంట పని, కొన్ని వందల ఖర్చు. రెండోది బాలానగర్‌లో లేత్ పని. అరిగిన రంధ్రాన్ని పెద్దది చేసి, స్టీలు స్లీవ్ దించి, లోపల మళ్ళీ అసలు కొలతకి బోర్ చేయడం. వేలల్లో ఖర్చు.

వెనక్కి తీసుకోగలిగే మరమ్మతే నిజాయితీ గలదని నాకో నమ్మకం ఉండేది. ఇక్కడ అది నిలబడలేదు. లాక్‌టైట్‌ని బాగా వేడి చేస్తే వదిలేస్తుంది, వెనక్కి తీసుకోవచ్చు. స్లీవ్ కోసం కోసేసిన అల్యూమినియం మాత్రం మళ్ళీ రాదు. కానీ లాక్‌టైట్ సందుని నింపుతుందే తప్ప, పక్కకి జరిగిన షాఫ్టుని మధ్యకి తేలేదు. పైగా లోపల రంధ్రం కోడిగుడ్డులా ఉందన్న సంగతిని దాచేస్తుంది.

రెండో దారే పట్టాను. బాలానగర్ పెద్దాయన కేసింగ్‌ని లేత్ మీద బిగించడానికే సగం రోజు తీసుకున్నాడు. అరిగిన రంధ్రం నుంచి కేంద్రం పట్టకూడదట. దాన్నే కొలతగా తీసుకుంటే అరుగుదలకే కొత్త లోహం తొడిగినట్టవుతుంది. రంధ్రం అడుగున, బేరింగ్ ఎన్నడూ తాకని సన్నటి అంచు ఒకటి మిగిలి ఉంది. డయల్ గేజ్ ముల్లు దానికి ఆనించి, అక్కడి నుంచి అసలు కేంద్రం పట్టాడు.

బిగువు ఎంత ఉంచాలన్నది ఇంకో లెక్క. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 62 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీలు వేడెక్కితే రెండింటి మధ్య తేడా దాదాపు 0.04 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం కూడా ఉండదు. చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా అనిపించింది వేడెక్కాక వదులు కాకుండా చూసుకోవాలి. కేసింగ్‌ని ఓవెన్‌లో, స్లీవ్‌ని ఫ్రీజర్‌లో పెట్టి దించారు. చప్పుడు లేకుండా జారి కూర్చుంది.

అంతా అయ్యాక పెద్దాయన నంబర్ పంచ్ తీసి, కేసింగ్ లోపల చైన్ వైపు 66 అని కొట్టాడు. స్లీవ్ బయటి వ్యాసం అది. ఎందుకని అడిగాను. "రేపు ఇంకొకడు ఇప్పుతడు గద సార్. ఆనికి ఎర్క గావాలె." గేర్‌బాక్స్ మూసేస్తే ఆ అంకె ఎవరికీ కనపడదు. ఇరవై ఏళ్ళ తర్వాత విప్పేవాడికి తప్ప. ఓవర్‌సైజ్ పిస్టన్ల తల మీద ఎంత పెంచారో అంకె ఉంటుంది. అది నేను ఎన్నోసార్లు చూశాను. అదొక ఉత్తరమని ఎన్నడూ తోచలేదు.

మా తమ్ముడిలాంటి ఆ కొనేవాడికి పాత పంచ్ దెబ్బల దగ్గర్నుంచి కొత్త స్లీవ్ దాకా అన్నీ ఫోటోలతో సహా చెప్పాను. రెండు రోజులు ఆగమన్నాడు. తర్వాత మెసేజ్ పెట్టాడు: "అన్నా, గేర్‌బాక్స్ తెరిచిన బండి అంటే మా ఇంట్లో ఒప్పుకోవట్లేదు. వేరేది చూసుకున్నా." అతను చూసుకున్నదాన్ని ఇదివరకు ఎవరూ తెరవలేదో, తెరిచిన సంగతి ఎవరూ చెప్పలేదో అతనికీ తెలీదు. నిజం చెప్పి బేరం పోగొట్టుకున్నానని కొంచెం బాధేసింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వేస్తుంది.

బాపుకి చెప్పాను. మూలుగు పోయిందా అని అడిగాడు. పోయిందన్నాను. "మరి నడుస్తున్నది గదా," అన్నాడు.

ఆ ఆదివారం కూర్చుని, పాత కంపెనీలో ఇంకా ఉన్న ఒక మిత్రుడికి మెయిల్ రాశాను. 2016 నాటి ఆ కోడ్ ఏ ఫైల్లో ఉందో, ఏ సందర్భంలో విరుగుతుందో, అప్పుడు నేను దేన్ని దాటవేశానో అందులో వివరంగా పెట్టాను.